నెల్లూరు బావులు, వంగని వెన్నులు

1937లో ‘ఇండియన్ మెడికల్ గెజెట్’లో నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి ఒక పరిశోధన వ్యాసం వెలువడింది. రచయితలు షార్ట్, పండిట్, రాఘవాచారి. షార్ట్ అప్పుడు మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరు. మలేరియా క్రిమి కాలేయంలో గడిపే దశను 1948లో గార్న్‌హామ్‌తో కలిసి నిరూపించిన శాస్త్రవేత్తగా వైద్య చరిత్ర ఆయనను స్మరిస్తుంది. తెలుగువారు మాత్రం ఆయనను ఈ నెల్లూరు వ్యాసానికై స్మరించుకోవాలి.

ఆ వ్యాసం వర్ణించిన రోగులు పుట్టిన ఊళ్లోనే దశాబ్దాల తరబడి బావినీరు తాగినవారు. మొదట ఒళ్లు తిమ్మిర్లు, నడుము నొప్పి. తరువాత కీళ్లు బిగుసుకుపోవడం. చివరకు వెన్నెముక మొత్తం ఒకే ఎముకలా అతుక్కుపోవడం. మనుషులకంటే ముందు దుక్కిటెద్దులు కుంటడాన్ని రైతులే గమనించారని ఫ్లోరోసిస్ చరిత్ర రాసినవారు చెబుతారు. ఎద్దు కుంటితే మేతనో నీటినో అనుమానిస్తాం. మనిషి వంగలేకపోతే వయసు మీద పడిందంటాం. ఈ వ్యాధి ఇన్నాళ్లు మరుగున ఉండటానికి ఆ ఒక్క మాట చాలు.

ఫ్లోరైడ్‌కు రంగు లేదు, రుచి లేదు, మరిగించినా పోదు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. శరీరంలో చేరినదానిలో కొంత మూత్రంలో పోతుంది, మిగిలినది ఎముకలో నిలుస్తుంది. వయసుతో మూత్రపిండాల శక్తి సన్నగిల్లిన కొద్దీ నిలిచే పాలు పెరుగుతుంది. అలా ఎముక దట్టమవుతుంది, కానీ గట్టిపడదు. స్నాయువులు సున్నం పట్టి వెన్నుపామును నొక్కుతాయి.

నీటితో కథ ముగియలేదు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ‘లాన్సెట్’లో మరో రూపాన్ని ప్రకటించారు. ఫ్లోరోసిస్ ప్రాంతపు యువకులలో మోకాళ్లు లోపలికి వంకర తిరగడం, దానితోపాటు ఎముకలు గుల్లబారడం అందులోని విషయం. అక్కడివారి ప్రధానాహారమైన జొన్నలోని మాలిబ్డినం, శరీరంలోని రాగి సమతుల్యత గురించి ఆ సంస్థ ఆపై పరిశీలించింది. తిండిలో కాల్షియం కొరవడినచోట ఫ్లోరైడ్ హాని మరింత తీవ్రమని పరిశోధనలు సూచిస్తున్నాయి. ఒకే బావినీరు తాగినా పాలు, రాగులు అందిన ఇంటికీ అందని ఇంటికీ ఫలితం ఒకటి కాకపోవచ్చు.

పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తొలగించే ‘నల్గొండ పద్ధతి’ని 1970లలో నాగపూరులోని నీరి సంస్థ రూపొందించింది. 2016లో మిషన్ భగీరథ కృష్ణా, గోదావరి జలాలను ఇళ్లకు చేర్చడం ఆరంభించింది. కొత్త నీరు పిల్లలను కాపాడుతుంది. ఒకసారి అతుక్కున్న వెన్నును విడదీయలేదు. ఆనాటి బావినీటితో పెరిగినవారు ఇప్పుడు వృద్ధులు. వారిలో కొందరు పిల్లల దగ్గరికి విదేశాలకు వస్తున్నారు. ఇక్కడి ఎముక సాంద్రత పరీక్షలో సంఖ్య ఎక్కువగా కనబడితే వైద్యుడు ఎముకలు భేషుగ్గా ఉన్నాయని పంపివేసే ప్రమాదముంది.

అందుకే అమ్మానాన్నలను వైద్యుని వద్దకు తీసుకువెళ్లే పాఠకులకు నా విన్నపం ఒకటే. మందుల జాబితాతో పాటు వారు ఏ ఊరి నీళ్లు, ఎన్నేళ్లు తాగారో కూడా చెప్పండి. వైద్యుడు అడగకపోయినా చెప్పండి.