ఇద్దరు ఉస్తాదుల మధ్య సాయంత్రం

ముస్లిం పిల్లలు బడికి రారు, మదరసాలకు పోతారు. ఈ మాట ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. గిట్టనివాళ్లు వెక్కిరింతగా అంటారు. మేలు కోరేవాళ్లు కాస్త జాలి కలిపి అంటారు. మనలో చదువుకుని పైకొచ్చినవాళ్లు కూడా, పుట్టిన పేటకి ఎంత దూరం జరిగితే అంత గట్టిగా ఇదే మాట అంటున్నారు. 2006 నవంబరులో పార్లమెంటు ముందుకొచ్చిన సచార్ కమిటీ నివేదిక, బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదరసాల్లో చదివేవాళ్లు నూటికి ముగ్గురు నలుగురికి మించరని తేల్చింది. మక్తబ్ వేరు, మదరసా వేరు అని కూడా విడమర్చి చెప్పింది. మదరసాలో చేరిన పిల్లాడికి అదే బడి. మక్తబ్‌కి వెళ్లే పిల్లాడు పగలు అందరితో పాటు బడికి వెళతాడు, బడి వదిలాక మక్తబ్‌కి వెళతాడు. ఇంత చిన్న తేడా తెలుసుకోవడానికి ఈ దేశానికి తీరిక దొరకలేదు.

బీదవాళ్ల పిల్లలకు సాయంత్రాలు చదువు చెప్పే కేంద్రాలు పెట్టాలని ఇప్పుడు స్వచ్ఛంద సంస్థలు ప్రాజెక్టులు రాస్తున్నాయి. మంచిదే. అయితే విజయవాడ వన్ టౌన్‌లో ఆ సాయంత్రం గంట మా తాతల నాటినుంచీ ఉంది. దాని చరిత్ర ఎవరూ రాయలేదు కాబట్టి అది లేదనుకుంటున్నారు.

ఇంద్రకీలాద్రికీ రైలు పట్టాలకీ మధ్య ఇరుక్కున్న ఊరు వన్ టౌన్. పంజా సెంటర్ అన్న పేరు వింటేనే పీర్ల చెయ్యి కళ్లముందు ఆడుతుంది. ఇస్లాంపేటలో, వించిపేటలో, చిట్టినగర్ వైపు కొండవాలు ఇళ్లలో తండ్రులు కాళేశ్వరరావు మార్కెట్లో మూటలు మోస్తారు, తోపుడు బండి తోస్తారు, ఆటో నడుపుతారు. తల్లులు ఇంట్లోనే కుట్టుపనో, ఇంకో ఇంట్లో పాచిపనో. ఒక గది ఇల్లు. బడినుంచి వచ్చిన పిల్లాడు ఆ గదిలో కూచుని చదవడం అనేది మధ్యతరగతి ఊహ. వాడు సంచి విసిరేసి, టోపీ పెట్టుకుని, ఖాయిదా పుస్తకం రొమ్ముకి హత్తుకుని మసీదుకి పరుగెత్తుతాడు. అసర్ నుంచి మగ్రిబ్ దాకానో, మగ్రిబ్ నుంచి ఇషా దాకానో చాపమీద వరసగా కూచుని ఊగుతూ అలిఫ్ బే వల్లిస్తాడు. తర్వాత సిపారాలు, ఆ తర్వాత రెహల్ మీద ఖురాన్. తల్లికి అది దీన్ నేర్చుకునే చోటు. పనిచేసుకునే ఆ గంటన్నర పిల్లాడు రోడ్డుమీద పడకుండా ఉండే చోటు కూడా.

చదువు చెప్పే హజ్రత్‌కి జీతం అంటూ చెప్పుకోదగ్గది ఉండేది కాదు. ఫాతెహా నాడు మిఠాయి, పండక్కి నజరానా, ఒక పిల్లాడు ఖురాన్ ముగిస్తే ఆమీన్ నాడు కొత్త బట్టలు. తెలుగు వీధిబడి అయ్యవారు దసరాకి పిల్లల్ని వెంటేసుకుని గడపగడపకీ తిరిగినట్టే. ఇద్దరి బతుకూ ఊరి చేతిలోనే ఉండేది.

ఆ పోలిక నా సొంత కల్పన కాదు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో, రాజధానిలో ఎన్ని బళ్లున్నాయో లెక్కతీసి పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. 1826 నాటికి తేలిన లెక్క 12,498 బళ్లు, 1,88,650 మంది పిల్లలు. బెజవాడ అప్పటికి మచిలీపట్నం కలెక్టరు కింద ఒక చిన్న ఊరు. నన్ను ఆపేది ఆ అంకెలు కాదు, ఆ ఫారం. బ్రాహ్మణులు, వైశ్యులు, శూద్రులు, ఇతర కులాలు, ఆఖరున ముసల్మానులు. కులాలన్నీ అయిపోయాక మనకో గడి. మనలోని ఖురేషీ, దూదేకుల, ఫకీరు, హజామ్ అందరూ ఆ ఒక్క గడిలో కలిసిపోయారు. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక దరిమిలా రాష్ట్రంలో బీసీ ఈ గ్రూపు కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చేదాకా ఆ గడి లోపల ఏముందో సర్కారు గట్టిగా తొంగిచూడలేదు. దూదేకులవాళ్లు అంతకుముందే బీసీ బిలో ఉన్నారు, అది వేరే కథ.

1871లో లార్డ్ మేయో ప్రభుత్వానికి ముస్లింల చదువు మీద హఠాత్తుగా బెంగ పుట్టింది. 1882లో వేసిన హంటర్ విద్యా కమిషన్, ముస్లింల దేశీ బళ్లు లౌకిక పాఠాలు కూడా కలుపుకునేలా ప్రోత్సహించాలని సిఫారసు చేసింది. మక్తబ్‌లో లెక్కలు పెట్టండి, గ్రాంటు తీసుకోండి. చాలా తెలివైన ఆలోచనగా కనిపిస్తుంది. అందుకే కాబోలు దాన్ని నూరేళ్లు దాటినా వదల్లేదు. 1993-94లో మదరసాల ఆధునికీకరణ అన్నారు, 2009లో మదరసాల్లో నాణ్యమైన విద్య అని కొత్త పేరుతో అన్నారు, 2022లో నిధులు ఆపేశారు. పేర్లు మారాయి, ఆలోచన హంటర్‌దే. పగటి బడిలో మనపిల్లాడు ఎందుకు వెనకబడుతున్నాడు అన్న ప్రశ్న వదిలేసి, సాయంత్రపు చాపను బాగుచేద్దామని వస్తారు.

నాకు తోచేది ఇది. మున్సిపల్ బడి గంట మొదలయ్యాక మక్తబ్ గంట రోజు అంచులకు జరిగింది. ఫజర్ తర్వాత కొంచెం, మగ్రిబ్ తర్వాత కొంచెం. జరగడం వల్లనే బతికింది. స్వాతంత్ర్యం తర్వాత ఉత్తరప్రదేశ్‌లో ఖాజీ అదీల్ అబ్బాసీ వంటివాళ్లు బస్తీ జిల్లానుంచి మొదలుపెట్టి దీనీ తాలీమీ కౌన్సిల్ పేరుతో మక్తబ్‌లను పూర్తి ప్రాథమిక బళ్లుగా నడిపారు. కేరళలో 1951లోనే సమస్త వాళ్లు ఒక విద్యాబోర్డు పెట్టుకుని, బడివేళలకు అడ్డు రాకుండా మతపాఠాలు, తరగతులు, పుస్తకాలు, పరీక్షలు అన్నీ ఒక పద్ధతిలో పెట్టారు. అక్కడి పిల్లలు పొద్దున్నే మదరసాకి వెళ్లి అటునుంచి స్కూలుకి వెళతారు. వాళ్లు బడికి రారని ఎవరైనా అనగలరా? మన కృష్ణా డెల్టాలో ఏ మసీదు కమిటీ ఓపిక దానిది, ఏ హజ్రత్ పద్ధతి ఆయనది.

పక్కనే ఇంకో సంప్రదాయం కూడా ఉండింది. 1911లో ఇదే బెజవాడలో రామమోహన గ్రంథాలయం పుట్టింది. 1914 ఏప్రిల్‌లో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ ఇక్కడే జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య, మార్కెట్‌కి పేరు మిగిల్చిపోయిన అయ్యదేవర కాళేశ్వరరావు ఆ తరంవాళ్లు. గ్రంథాలయం అంటే వాళ్లకు బీరువాలు మాత్రమే కాదు, రాత్రి బడి కూడా. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పంపారు. 1930లలో కమ్యూనిస్టులు పల్లెల్లో కూలీలకు రాత్రి బళ్లు పెట్టారు. ఆ లాంతరు వెలుగులో మనవాళ్లు కూచున్నారా అంటే, కూచున్నారు. పల్లెల్లో తెలుగే ఇంటిభాష అయిన నూర్‌బాషాలకు అది సులువు. పట్నంలో ఉర్దూ మాట్లాడే సాయిబులకు మాత్రం ఆ పుస్తకాల గడప ఎత్తుగానే ఉండిపోయింది. తెలుగు తల్లి పాట, సరస్వతీ పటం, సంస్కృతం కలిసిన మాట. ఎవరూ రావద్దనలేదు. రమ్మని పిలిచేవాళ్లకు మన వీధి తెలియదు. ఏ రామమోహన్ రాయ్ పేరు పెట్టుకున్నారో ఆయన ఫార్సీ, అరబీ చదువుకున్నవాడు, ఆయన తొలి పుస్తకం ‘తుహ్ఫతుల్ మువహ్హిదీన్’ ఫార్సీలోనే రాశాడు. ఈ సంగతి చెబితే మా పేటలో పెద్దవాళ్లు నమ్మేవాళ్లు కారు, గ్రంథాలయం మెట్లెక్కేవాళ్లకూ పెద్దగా పట్టేది కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. వన్ టౌన్‌లో ఉస్తాద్ అంటే ఇద్దరు. మసీదులో ఖురాన్ చెప్పేవాడు ఒకడు. షెడ్డులో పానా చేతికిచ్చేవాడు ఒకడు. లారీ మెకానిక్, వెల్డరు, టైలరు, పెయింటరు, అందరూ ఉస్తాదులే. బీద సాయిబు కొడుకు సాయంత్రం కోసం ఈ ఇద్దరూ పోటీపడతారు. మొదటి ఉస్తాద్ దగ్గర పరలోకం ఉంది, రెండో ఉస్తాద్ దగ్గర శనివారం చేతిలో పడే నాలుగు రూకలున్నాయి. ‘పని నేర్చుకుంటున్నాడు’ అంటాం మనం, కూలికి పోతున్నాడు అనం. పదకొండేళ్లకు సాయంత్రాలు షెడ్డుకి పోయినవాడు పదమూడేళ్లకు పొద్దున్నే పోతాడు. బడి రిజిస్టర్లో వాడి పేరు ఇంకొన్నాళ్లు ఉంటుంది.

1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు. ఆ చేత్తోనే, బడి వేళల తర్వాత, సెలవుల్లో కుటుంబ వృత్తికి సాయం చేయవచ్చని మినహాయింపు రాశారు. బీదవాడి సాయంత్రాన్ని చట్టమే పనివేళగా ఒప్పుకుంది. మామయ్య షెడ్డు కుటుంబ వృత్తి కాదని ఏ ఇన్‌స్పెక్టరు నిరూపిస్తాడు?

ఇక కాలవ దాటి అవతలి బెజవాడకి వెళ్లండి. మొగలూ లబ్బీలూ పేర్లలో మాత్రం వినిపించే మొగల్రాజపురం, లబ్బీపేట, ఆపైన బెంజి సర్కిల్. 1986లో శ్రీచైతన్య ఇక్కడే పుట్టి దేశమంతా పాకింది. తెల్లారుజామున మొదలై రాత్రి దాకా సాగే స్టడీ అవర్లను రాష్ట్రానికి నేర్పిన ఊరు ఇది. సాయంత్రపు చదువుకి ఎంత విలువుందో దాని ఫీజు చూసి తెలుసుకోవచ్చు. అదే ఊళ్లో, అదే వేళకి, పంజా సెంటర్ పిల్లాడికి లెక్క తప్పితే దిద్దేవాడు లేడు. హజ్రత్‌కి భిన్నాలు రావు, తల్లికి తెలుగు చదవడం రాదు. పదేళ్లవాడు అర్థంకాని అరబీని తప్పు లేకుండా చదువుతాడు, బాగా అర్థమయ్యే ఉర్దూని చదవలేడు, తెలుగు చదివితే యాసకి క్లాసంతా నవ్వుతుంది. నాలుగు లిపుల మధ్య తిరిగే పిల్లాణ్ణి మొద్దు అంటారు. నా చిన్నప్పుడు ఒక మాస్టారు నా ళ, ల కలిసిపోయాయని బెంచీ ఎక్కించి ‘మీ మసీదులో ఇదేనా నేర్పేది’ అన్నాడు. మసీదులో నాకు నేర్పింది గొంతులో ఎక్కడినుంచి ఖాఫ్ పలకాలో. ఆ శ్రద్ధ ఎవరైనా తెలుగు ళ మీద పెట్టి ఉంటే నేను బెంచీ ఎక్కేవాణ్ణి కాదు.

మనవాళ్లనీ అడగాల్సింది ఉంది. మినార్లకు ఎత్తు పెంచడానికి చందాలు దొరుకుతాయి. ఏసీలకు, పాలరాయికి దొరుకుతాయి. ఇషా తర్వాత ఒక ట్యూబులైటు వెలిగించి డిగ్రీ చదివే కుర్రాడితో లెక్కలు చెప్పిద్దామంటే, మసీదు ఇబాదత్ కోసం అంటారు. మదీనాలో ప్రవక్త మసీదు అరుగుమీద ఇల్లూ వాకిలీ లేని అస్‌హాబె సుఫ్ఫా చదువుకున్నారని ఆ పెద్దమనుషులే జుమా నాడు కళ్లనీళ్లతో వింటారు. దూదేకుల పిల్లాడు ఉర్దూ సరిగా పలక్కపోతే అదే చాపమీద నవ్వులు. బయట మనమీద నవ్వినవాళ్లకీ మనకీ అక్కడ తేడా లేదు.

ఆడపిల్లల సంగతి ఇంకా వేరు. ఈడు వచ్చేసరికి మసీదు మక్తబ్ మానిపిస్తారు. కానీ ఆపాల ఇళ్లు ఉన్నాయి. వంటింటి పక్క అరుగుమీద పదిమంది పిల్లల్ని కూచోబెట్టుకుని ఖురాన్ చెప్పే ఆపా లేని వీధి వన్ టౌన్‌లో ఉండదు. ఆమె ఏ లెక్కల్లోకీ రాదు. మన్రో కాలంలోనే మద్రాసు కలెక్టరు, ఇళ్లలో చదివేవాళ్లు బళ్లలో చదివేవాళ్లకంటే చాలా రెట్లు ఎక్కువని రాసి పంపాడు. నమ్మినవాళ్లు తక్కువ. ఈ పదిహేనేళ్లలో ఆ అరుగుల మీద ఒక మార్పు వచ్చింది. రిజర్వేషన్‌తో, ఫీజు రీయింబర్స్‌మెంటుతో డిగ్రీ దాటిన మొదటి తరం అమ్మాయిలు పెళ్లికి ముందు రెండేళ్లో మూడేళ్లో ఇంట్లో ట్యూషన్ చెబుతున్నారు. ఖురాన్ ఒక గంట, స్కూలు పుస్తకం ఒక గంట. ఇవ్వగలిగినవాళ్లు నెలకి ఎంతో కొంత ఇస్తారు, లేనివాళ్లు ఇవ్వరు. ఇంగ్లీషు రైమ్స్, సూరె ఫాతెహా ఒకే గోడ వెనకనుంచి వినిపిస్తాయి. హంటర్ కమిషన్ కోరుకున్నది ఇదే కదా అనిపించి నవ్వొస్తుంది, కాకపోతే గ్రాంటు లేదు.

2001 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముస్లింల అక్షరాస్యత 68 శాతం, రాష్ట్ర సగటు 60.5. మనం పట్నాల్లో ఎక్కువ ఉండటం దానికి ఒక కారణం. ఆ చాపలూ అరుగులూ ఇంకో కారణమని నేను అనుకుంటాను. అక్షరం వస్తోంది, అక్షరం తర్వాత తెగిపోతోంది. దేశం మొత్తం మీద ఆరునుంచి పద్నాలుగేళ్ల ముస్లిం పిల్లల్లో పావువంతు అసలు బడి మెట్టెక్కనివాళ్లో, ఎక్కి మానేసినవాళ్లో అని సచార్ కమిటీ రాసింది. ఒకటినుంచి ఎనిమిదో తరగతి దాకా మైనారిటీ పిల్లలకిచ్చే ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్పుని 2022లో కేంద్రం ఎత్తేసింది. విద్యాహక్కు చట్టం కింద చదువు ఎలాగూ ఉచితమే కదా అన్నారు. ఆ కాస్త డబ్బు ఫీజు కట్టడానికి కాదని, రెండో ఉస్తాద్ ఇచ్చే శనివారం కూలికి బదులని, ఢిల్లీలో ఎవరికీ తట్టలేదు.

ఇస్లాంపేట వైపు ఒక సందులో అలాంటి ట్యూషన్ ఒకటి చూశాను. తలుపు మీద సున్నంతో వేళలు రాసి ఉన్నాయి. మగ్రిబ్ తర్వాత ఖురాన్, ఇషా తర్వాత లెక్కలు. కింద తెలుగులో ఇంకో వాక్యం ఉంది: పదో తరగతివాళ్లకు మార్చి నెలలో ముందు లెక్కలు. షెడ్డునుంచి నేరుగా వచ్చే ఇద్దరు కుర్రాళ్ల కోసం గుమ్మం పక్కన సబ్బుబిళ్ల, బకెట్టు పెట్టారు. గ్రీజు చేతులతో పుస్తకం ముట్టుకోకూడదు, ఏ పుస్తకమైనా సరే, అంది ఆ అమ్మాయి.