బట్టమేక పిట్టకు వేట ఋతువు ఎందుకు చాలలేదు?

పక్షులను వేటాడడం మానవునికి అతిప్రాచీనమైన అలవాటు. ఫలానా నెలల్లో వేటాడవచ్చును, ఫలానా నెలల్లో కూడదు అనే శాసనం మాత్రం ఇటీవలిది. అమెరికాలో టర్కీ కోడి విషయంలో ఈ పద్ధతి చక్కగా ఫలించినది. కర్నూలు సీమ బీళ్లలో తిరిగిన బట్టమేక పిట్టను కాపాడడానికి మాత్రం ఇది చాలలేదు. ఈ భేదానికి కారణాలు కొంతవరకు జీవశాస్త్రంలోను, కొంతవరకు భూమి చరిత్రలోను ఉన్నవి.

ముందు టర్కీ కోడి సంగతి చూద్దాం. ఇది అడవులలో నేలమీద మేత ఏరుకొనే పెద్ద పక్షి. అడవుల నరికివేతవల్ల, అదుపులేని వేటవల్ల 1920 నాటికి ఇది పూర్వం నివసించిన 39 రాష్ట్రాలలో 18 రాష్ట్రాలనుండి అదృశ్యమైనది. తరువాత వేటపై కట్టుబాట్లు బిగించినారు. 1937లో వచ్చిన చట్టం ప్రకారం తుపాకులపై, తూటాలపై వసూలైన పన్నును వన్యప్రాణుల రక్షణకు వినియోగించినారు. 1950 తరువాత వలలు విసిరి ఈ పక్షులను ప్రాణాలతో పట్టి, అవి నశించిన అడవులలో వదిలినారు. నేడు వాటి సంఖ్య దాదాపు 60 లక్షలు.

అక్కడ వసంత ఋతువులో సాధారణంగా పుంజులను మాత్రమే వేటాడనిస్తారు. పెట్ట 10 లేక 12 గుడ్లు పెట్టి, తానొక్కతే పొదుగుతుంది. ఒక పుంజు అనేక పెట్టలతో జతకూడుతుంది. కనుక కొన్ని పుంజులు పోయినా సంతతికి పెద్ద లోటు రాదు. పలుచోట్ల వేటగాండ్ర సంఘాలు అడవి భూములను కౌలుకు తీసుకొంటవి. అడవి నిలిచి ఉంటేనే కౌలు వస్తుంది. అందుచేత దానిని నిలుపుకొనడం యజమానికీ లాభమే.

ఇక బట్టమేక పిట్ట. ఎగరగల పక్షులలో మిక్కిలి బరువైన వాటిలో ఇది ఒకటి. మగది సుమారు ఒక మీటరు ఎత్తు, 15 కిలోగ్రాముల వరకు బరువు ఉంటుంది. మిడతలు, తొండలు, గింజలు దీని ఆహారం. సంతానోత్పత్తి కాలంలో మగది గొంతు కింది సంచిని గాలితో నింపుకొని, తోక పైకెత్తి, చాలా దూరం వినిపించేటట్లు గంభీరంగా కూస్తుంది. ఆడది నేలమీద సాధారణంగా ఒకే ఒక గుడ్డు పెట్టి, దాదాపు 27 రోజులు పొదుగుతుంది. పది గుడ్లలో ఎనిమిది పోయినా రెండు పిల్లలు మిగులుతవి. ఉన్న ఒక్క గుడ్డు నక్క పాలైతే మిగిలేది ఏమీ లేదు.

ఈ పక్షి మాంసం రుచిని బాబరు తన స్వీయచరిత్రలో మెచ్చుకొన్నాడు. మాన్స్‌ఫీల్డ్ అనే ఇంగ్లీషు వేటగాడు 1809 మొదలు 1829 వరకు అహమ్మదునగరం ప్రాంతంలో 961 పక్షులను చంపినాడు. అనగా సగటున ఏడాదికి 48. కాలినడకన వచ్చే మనిషిని ఈ పక్షి దరిచేరనీయదు. ఎద్దులబండిని మాత్రం అంతగా అనుమానించదు. అందుచేత వేటగాండ్రు బండి చాటున సమీపించేవారు. తరువాతి కాలంలో జీపులు వచ్చి వేటను మరింత సులభం చేసినవి.

మద్రాసు రాజధానిలో వేటను నియంత్రించే చట్టం 1879లో నీలగిరులకు వచ్చినది. 1912లో దేశానికంతకు వర్తించే చట్టం చేసి, బట్టమేక పిట్టతోసహా పలు పక్షులకు నిషిద్ధ కాలం ప్రకటించే అధికారాన్ని ప్రభుత్వాలకు ఇచ్చినారు. అయితే మిగిలిన నెలలలో తుపాకికి అడ్డులేదు. పూర్తి రక్షణ 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టంతోగాని రాలేదు.

చట్టం పక్షిని రక్షించినా, దాని ఇంటిని రక్షించలేదు. ఇక్కడ పత్తికొండను తలచుకోవాలి. 1800లో నిజాం ఇచ్చిన దత్తమండలాలను సర్ థామస్ మన్రో కొలిపించి, శిస్తు నిర్ణయించినాడు. మద్రాసు గవర్నరుగా ఉండగా, 1827 జూలై 6న ఆయన కలరాతో మరణించినది ఈ పత్తికొండలోనే. 1858లో ఈ తాలూకా బళ్లారినుండి కర్నూలు జిల్లాలో చేరినది. శిస్తు లెక్కలలో భూమి రెండు విధాలు: పంట పండేది, బంజరు. పశువులు మేసే గడ్డి బీడు బంజరు కింద చేరినది. బట్టమేక పిట్ట గుడ్డు పెట్టేది సరిగా ఆ నేలలోనే. లెక్కలలో పనికిరానిదని వ్రాసిన నేలను దున్నడానికి, తవ్వడానికి ఎవరూ వెనుదీయరు గదా!

కర్నూలు జిల్లాలో, నందికొట్కూరు సమీపాన రోళ్లపాడు వద్ద 1988లో 6.14 చదరపు కిలోమీటర్ల గడ్డినేలను ఈ పక్షికోసం అభయారణ్యంగా ప్రకటించినారు. 2022నుండి అది నంద్యాల జిల్లాలో ఉన్నది. కాని ఈ పక్షి కంచెలోపలే ఉండిపోయేది కాదు. చుట్టుపక్కల చేలన్నీ తిరుగుతుంది. ఆ చేలలో పైరులు మారినవి, బీళ్లు తరిగినవి. ఇప్పుడు దేశం మొత్తంమీద 150కి మించి లేవని అంచనా. వీటిలో ఎక్కువ భాగం రాజస్థాన్‌లోనే. అక్కడ 2019నుండి గుడ్లు సేకరించి, కృత్రిమంగా పొదిగించి పిల్లలను పెంచుతున్నారు. ఆకాశంలో విద్యుత్తు తీగలు ఇప్పుడు వాటికి కొత్త ప్రమాదం.

పది గుడ్ల పక్షికి, ఒక గుడ్డు పక్షికి ఒకే నియమం సరిపోదని ఈ చరిత్ర తెలుపుతున్నది. నేలకు విలువ ఇవ్వనిదే ఏ నియమమూ చాలదని కూడా తెలుపుతున్నది. ఉపాధ్యాయులు తమ విద్యార్థులను వానకాలంలో ఒక బీడుకు తీసుకొనిపోయి, అక్కడ కనిపించే పక్షులను, పురుగులను, గడ్డిజాతులను లెక్క వ్రాయించవచ్చును. ‘బంజరు’ అనే మాట ఎంతవరకు సత్యమో ఆ పట్టికయే చెబుతుంది.