బెంచీ మీద ఎవరు కూర్చోవాలి? ఇద్దరు దొరలు, రెండు బడులు

దేవరగట్టు అని ఫోన్‌లో కొడితే దసరా రాత్రి బన్ని ఉత్సవం, కర్రల సమరం వీడియోలే వస్తాయి. ఈ రోజు అది పక్కన పెడదాం. గట్టు చుట్టుపక్కల ఊళ్ల చదువు గురించి నాకొక మాట చెప్పాలనుంది. దానికి కొంచెం వెనక్కి పోవాలి.

మా ఆలూరు, ఆదోని తాలూకాలు 1953 దాకా బళ్లారి జిల్లాలోవే. బళ్లారిలో లండన్ మిషన్ వాళ్ల వార్డ్‌లా స్కూలు 1846 నాటిది, తర్వాత కాలేజీ అయింది. ఇట్లాంటి క్రైస్తవ సంస్థను నడిపే పెద్దను ప్రిన్సిపాల్ అంటారు. బిల్డింగులు, ఫండ్స్ సరే, ఆయనకు అసలు పరీక్ష ఒకటుంది. గేటు లోపలికి ఎవర్ని రానివ్వాలి?

ఈ పరీక్ష రాసిన ఇద్దరి కథ వినండి. ఇద్దరిదీ కోస్తానే.

మొదటాయన రాబర్ట్ నోబుల్. 1841లో మచిలీపట్నం వచ్చాడు, 1843లో ఇద్దరు పిల్లలతో బడి తెరిచాడు. నోబుల్ కాలేజీకి మొదలు అదే. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నారు. ఊరు భగ్గుమంది. తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేశారు, బడి ఖాళీ అయింది. నోబుల్ మాత్రం ఆ ఇద్దరినీ వదల్లేదు. మళ్లీ మొదట్నుంచి బడి కట్టుకొచ్చాడు. 1865లో చనిపోయేదాకా ఒక్కసారి కూడా ఇంగ్లండ్ పోలేదు.

మరి ఇంత గట్టి మనిషి దళిత పిల్లల్ని మాత్రం చేర్చుకోలేదు! ఇంగ్లండ్‌లో కూడా యజమాని కొడుకు, పనివాడి కొడుకు ఒకే క్లాసులో కూర్చోరు కదా అనేది ఆయన వాదన. అగ్రకులాల పిల్లలు పోతే బడే ఉండదన్న లెక్క కూడా ఉంది.

రెండో ఆయన జాన్ క్లౌ. అమెరికన్ బాప్టిస్టు, 1866లో ఒంగోలు వచ్చాడు. బ్రాహ్మణులు తమ పిల్లల్ని ఆయన బడికి పంపారు. ఇంతలో మాదిగలు ఆయన దగ్గరికి రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే మేం ఉండమన్నారు పెద్దలు. క్లౌ, ఆయన భార్య ఆలోచించి మాదిగల వైపే నిలబడ్డారు. బ్రాహ్మణ పిల్లలు వెళ్లిపోయారు. 1876-78 కరువులో ఆ పేదల కోసమే బకింగ్‌హామ్ కాలువ పని కాంట్రాక్టు తీసుకున్నాడు. అదే కరువు మన బళ్లారి, కర్నూలు జిల్లాల్ని కూడా పీల్చి పిప్పి చేసింది.

చూడండి, ఖాళీ బెంచీలు ఇద్దరూ చూశారు. బాప్తిస్మం విషయంలో బడి ఖాళీ అయినా భయపడని నోబుల్, కులం దగ్గరికొచ్చేసరికి భయపడ్డాడు. ఆయన్ను విలన్ అనను. కానీ ఆ గేటు బయట నిలబడిన పిల్లాడి వైపు నుంచి చూస్తే ఆయన ధైర్యం సగమే.

ఇప్పుడు కులం అడిగి గేటు దగ్గర ఎవరూ ఆపరు. అయినా మిరప కోతలు రాగానే మా హొళగుంద, ఆదోని పల్లెల నుంచి జనం గుంటూరు వైపు సుగ్గి పోతారు. వెంట పిల్లలు కూడా పోతారు. నాతో చదివినోళ్లలో కొందరు అట్లా పోయి మళ్లీ క్లాసుకు రాలేదు. హాజరు పట్టీలో పేరుంటుంది, బెంచీ ఖాళీ.

మీ క్లాసులో అట్లా ఖాళీ అయిన బెంచీ ఎవరిది? ఒక్కసారి గుర్తు చేసుకోండి, వీలైతే ఫోన్ చేయండి. మళ్లీ కలుద్దాం.