కొలంబియా – అమెరికా దంపతులు: సంస్కృతి, చట్టం, పరాధీనత

వ్యాస సంగ్రహం

కొలంబియన్, అమెరికన్ దంపతుల మధ్య తలెత్తే తగవులను సంస్కృతుల ఘర్షణగా చెప్పడం పరిపాటి. వాటిలో చాలా తగవులకు మూలం, ఒకరు మరొకరిపై ఆధారపడక తప్పని స్థితి అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ స్థితిని వీసా నిబంధనలు, ఆస్తి చట్టాలు, అద్దె ఒప్పందాలు, భాష కల్పిస్తాయి. కుటుంబ బాధ్యత, సెలవులు, మాటతీరు, పత్రాలు, పిల్లలు అనే ఐదు అంశాలను పరిశీలించి, ఆచరణకు వీలైన సూచనలను ఇక్కడ పొందుపరుస్తున్నాను.

కీలకపదాలు: కొలంబియా, అమెరికా, అంతర్జాతీయ వివాహం, కుటుంబబద్ధత, వలస చట్టం, పరాధీనత.

1. ఉపోద్ఘాతం

2020 జనగణన నాటికి అమెరికాలో కొలంబియా మూలాలున్నవారు 12 లక్షలు దాటారు. న్యూయార్క్‌లోని జాక్సన్ హైట్స్, మయామి పరిసరాలు, న్యూజెర్సీలోని ఎలిజబెత్ వారి పాత స్థావరాలు. రోడ్ ఐలండ్‌లోని సెంట్రల్ ఫాల్స్ అనే చిన్న పట్టణానికి 1960లలో బట్టల మిల్లుల్లో పనికి కొలంబియన్లు వచ్చి స్థిరపడ్డారు. ఇప్పుడు ఎదురు ప్రయాణం కూడా సాగుతోంది. మెదెయిన్, బొగోటా, కార్తహేనా నగరాల్లో కాపురముంటున్న అమెరికన్లు తక్కువేమీ కాదు.

ఇలాంటి జంటల గురించి మాట్లాడేటప్పుడు దేశాల సంస్కృతులను అంకెల్లో కొలిచిన గీర్ట్ హాఫ్‌స్టెడ్ పట్టికను ముందుపెట్టడం అలవాటైపోయింది. 1980లో ప్రచురించిన ఆయన గ్రంథంలో వ్యక్తివాద సూచిక అమెరికాకు 91, కొలంబియాకు 13. భారతదేశానిది 48. ఈ అంకెలు చూడగానే తగవుకు కారణం దొరికిపోయినట్టు అనిపిస్తుంది. అయితే ఆ లెక్కలకు ఆధారం ఐబీఎం సంస్థ ఉద్యోగులు నింపిన ప్రశ్నావళులు. దేశపు సగటును బట్టి ఫలానా ఇంటి కోడలు ఎలా ఉంటుందో చెప్పలేమని ఆయనే హెచ్చరించాడు. పైగా అదే పట్టికలో పోటీతత్వానికీ స్త్రీ పురుష పాత్రల విభజనకూ సంబంధించిన సూచిక అమెరికాకు 62, కొలంబియాకు 64. అంటే ‘లాటిన్ మగవాడి పెత్తనం’ అని అమెరికన్లు వేలెత్తి చూపే విషయంలో ఆ పట్టిక రెండు దేశాలనూ పక్కపక్కనే కూర్చోబెట్టింది.

2. ఏ కొలంబియా?

కొలంబియా కుటుంబ అధ్యయనానికి పునాది వేసిన మానవశాస్త్రవేత్త విర్హీనియా గుతియెర్రెస్ దె పినేదా (1921–1999). 2016లో విడుదలైన 10,000 పెసోల నోటు మీద ఆమె బొమ్మ ఉంది. 1968లో వెలువడిన తన గ్రంథంలో ఆమె దేశాన్ని నాలుగు సాంస్కృతిక మండలాలుగా విభజించారు. ఆంతియోకియా కొండసీమలో చర్చిలో జరిగిన పెళ్ళికీ, ఇంటిలోపల తల్లి అధికారానికీ తిరుగులేదు. కరీబియన్ తీరంలో పెళ్ళి లేని సహజీవనం, తల్లి వైపు బంధువుల చుట్టూ అల్లుకున్న కుటుంబం సాధారణం. సాంతాందేర్‌లో పరువు, పితృస్వామ్యం బలంగా ఉంటాయి. ఆండీస్ పీఠభూమిలో ఆదివాసీ, స్పానిష్ పద్ధతులు కలగలిసిపోయాయి.

ఆ చిత్రం అరవై ఏళ్ళ కిందటిది. నగరీకరణ, చదువు, దశాబ్దాల అంతర్యుద్ధం, వలసలు దాన్ని చాలావరకు మార్చేశాయి. ఐనా ప్రాంతాలవారీగా చూడాలన్న ఆమె పద్ధతి నేటికీ పనికొస్తుంది. బొగోటా దంపతులు ఒకరినొకరు ‘ఉస్తెద్’ (మీరు) అని మన్నిస్తూ మాట్లాడుకోవడం మామూలు. కరీబియన్ తీరంలోని బర్రాంకియా మనిషికి అది ఎడమొహం పెడమొహంగా తోస్తుంది. సాంతాందేర్ వారికి ముక్కుసూటి మనుషులని పేరు. అక్కడి బుకరమాంగా అమ్మాయిని పెళ్ళాడిన అమెరికన్, ‘లాటిన్లు ఏదీ తిన్నగా చెప్పరు’ అన్న పాఠం బట్టీపట్టి వస్తే మొదటి వారంలోనే తెల్లబోతాడు.

కాబట్టి తొలి సూచన: దేశం గురించి చదివింది పక్కనపెట్టి, జీవిత భాగస్వామి ఊరు, తరగతి, ఇంటి అలవాట్లు అడిగి తెలుసుకోవాలి. ఇది ఇద్దరికీ వర్తిస్తుంది. మిన్నెసోటా లూథరన్ కుటుంబాన్నీ లూసియానా కాథలిక్ కుటుంబాన్నీ ఒకే గాటన కట్టి ‘అమెరికన్లు’ అనడం కూడా అంతే పొరపాటు.

3. కుటుంబమంటే ఎంతమంది?

లాటిన్ అమెరికన్ల కుటుంబబద్ధతను 1987లో ఫాబియో సబోగాల్ బృందం మూడు పాయలుగా విడదీసింది: బంధువుల పట్ల బాధ్యత, బంధువుల నుంచి అండ దొరుకుతుందన్న నమ్మకం, ప్రవర్తనకు బంధువులే కొలమానం కావడం. అమెరికా జీవితానికి అలవాటుపడేకొద్దీ మొదటిదీ మూడోదీ తగ్గాయి. రెండోది మాత్రం చెక్కుచెదరలేదు. దంపతులకు ఇందులో గట్టి పాఠముంది. భార్య తల్లికి డబ్బు పంపడం తగ్గించవచ్చు, తల్లి మాటను పక్కనపెట్టవచ్చు. కష్టమొస్తే పుట్టిల్లు ఉందన్న ధైర్యాన్ని మాత్రం వదులుకోదు. ఆ ధైర్యాన్ని ‘మన మధ్య దూరిన మూడో మనిషి’గా భర్త చూస్తే తగవు తెగదు.

డబ్బు విషయంలో మరింత స్పష్టత కావాలి. 2023లో విదేశాల నుంచి కొలంబియాకు చేరిన సొమ్ము వెయ్యి కోట్ల డాలర్లు దాటింది. అందులో పెద్ద వాటా అమెరికాదే. అమెరికన్ భర్త దీన్ని దానం పద్దులో వేస్తాడు. కొలంబియా పౌరస్మృతిలోని 411వ అధికరణం మాత్రం తల్లిదండ్రుల పోషణను సంతానం బాధ్యతగా రాసింది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఉన్న మనకు ఇది వింతగా తోచదు.

ఆచరణలో మేలైన మార్గం, ఇంటి బడ్జెట్‌లో అద్దె, బీమాలతో పాటు ‘అమ్మానాన్నలకు’ అని ఒక వరుస పెట్టి, అంకె వేయడం. అత్యవసరాలకు వేరే మొత్తం, దానికో పరిమితి. పరిమితి దాటి డబ్బు అడిగినప్పుడు జవాబు చెప్పే పని ఎవరి పుట్టింటికి వారిది. అల్లుడి నోట వచ్చే ‘కుదరదు’ అవమానంగా మిగులుతుంది. కూతురు చెబితే అది ఇంటి మాటగా సర్దుకుంటుంది.

4. గడియారం, సెలవు, పండుగ

ఒకసారికి ఒకే పని అనే కాలదృష్టినీ, ఒకేసారి పలు పనులు, పలువురు మనుషులు అనే కాలదృష్టినీ మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ వేరుచేసి చూపాడు. ఏడింటికని పిలిచిన పుట్టినరోజు విందుకు బర్రాంకియాలో ఎనిమిదిన్నరకు చుట్టాలు రావడాన్ని ఈ తేడా కొంతవరకు వివరిస్తుంది. అదే మనిషి వీసా ఇంటర్వ్యూకు అరగంట ముందే వెళతాడు. అంటే సమయం తెలియక కాదు, సందర్భాన్ని బట్టి నడుచుకోవడం. పిలుపు అందినప్పుడే ‘ఇది గడియారం వేళా, చుట్టాల వేళా’ అని అడిగేస్తే సరిపోతుంది.

డిసెంబరు తగవు లోతైనది. కొలంబియాలో 7వ తేదీ రాత్రి దీపాల పండుగతో సందడి మొదలవుతుంది. 16 నుంచి 24 దాకా తొమ్మిది రాత్రులు నొవేనా ప్రార్థనలు, ఒక్కో రాత్రి ఒక్కో ఇంట్లో. పళ్ళేల్లో జున్నుతో చేసిన బునుయెలోలు, గట్టిపడిన పాల నతీయా. 24 అర్ధరాత్రి కానుకలు. అమెరికన్ ఇంట్లో 25 ఉదయం చెట్టుకింద కానుకలు. తేదీల్లో పోటీ లేదు, రెండూ జరుపుకోవచ్చు. అసలు చిక్కు సెలవు దగ్గర వస్తుంది. కొలంబియా కార్మిక చట్టం ఏడాదికి 15 పనిదినాల వేతన సెలవు ఇస్తుంది. అమెరికాలో అలాంటి కేంద్ర చట్టమే లేదు, యజమాని ఇచ్చినంతే. నొవేనాకు రానన్న భర్తను ‘మనవాళ్ళంటే పట్టదు’ అని నిందించేముందు అతని సెలవుల ఖాతా చూడాలి. ఒక ఏడు పూర్తి నొవేనా, మరో ఏడు నవంబరు థాంక్స్‌గివింగ్ అని ఆరు నెలల ముందే రాసిపెట్టుకున్న ఇళ్ళలో ఈ నింద పుట్టదు.

5. మాటతీరు, భాష

కొలంబియా ఇంట్లో అడుగుపెట్టినవారు గదిలో ఉన్న ప్రతి ఒక్కరినీ పలకరించాలి, వెళ్ళేటప్పుడూ అంతే. అందరికీ కలిపి ఒక్కసారి చేయి ఊపిన అమెరికన్‌ను పొగరుబోతు అనుకుంటారు. అటునుంచి, రంగునూ ఒడ్డూపొడుగునూ బట్టి ముద్దుగా ‘నెగ్రా’, ‘గోర్దో’ అని పిలవడం కొలంబియాలో మురిపెం. అట్లాంటా ఆఫీసు విందులో అవే మాటలు జాతివివక్షగా, హేళనగా వినిపిస్తాయి. ఇక మత్తుమందుల ముఠాల మీద జోకు. ముఠా నాయకుడు ఎస్కోబార్ పేరెత్తి నవ్విన భర్త తమ్ముడికి అది టీవీ ధారావాహిక జ్ఞాపకం. ఎదుట కూర్చున్న మెదెయిన్ కుటుంబంలో 1980ల బాంబుపేలుళ్ళకు ఎవరు బలయ్యారో అతనికి తెలియదు. ఆ జోకును ఆపాల్సిన బాధ్యత భర్తది.

ఇద్దరిలో ఒకరికే రెండు భాషలూ వస్తే, ఆ ఒక్కరే డాక్టరు దగ్గర, బ్యాంకులో, అత్తమామల ముందు దుబాసీ అవుతారు. దుబాసీకి అలుపు, రెండోవారికి మూగతనం. ఇద్దరూ నేర్చుకోవడం తప్ప దీనికి మందు లేదు. ఇంగ్లీషు తరగతి ఖర్చును ఇంటి ఖర్చుగా రాసేవారు స్పానిష్ తరగతి ఖర్చును కూడా అలాగే రాయాలి.

6. పత్రాల పరాధీనత

కాబోయే జీవిత భాగస్వామికిచ్చే కే-1 వీసా మీద వచ్చినవారు 90 రోజుల్లో పెళ్ళాడాలి. తర్వాత శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టి, పని అనుమతి వచ్చేదాకా ఉద్యోగం చేయరాదు. ఆ దరఖాస్తు పెండింగ్‌లో ఉండగా ‘అడ్వాన్స్ పెరోల్’ అనే ముందస్తు అనుమతి లేకుండా దేశం దాటితే దరఖాస్తును వదులుకున్నట్టే లెక్క.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కొత్తగా పెళ్ళయిన అమ్మాయి న్యూజెర్సీలో ఉంది. కొలంబియాలోని పెరేరాలో తల్లికి గుండెపోటు వచ్చింది. భర్త ‘ఇప్పుడు వెళ్ళొద్దు’ అన్నాడు. పుట్టింటివారికి అతడు రాతిగుండె మనిషి. అతని దృష్టిలో వాళ్ళు పరిస్థితి అర్థం చేసుకోనివారు. ఇద్దరి మధ్యా ఉన్నది ఒక అనుమతి కాగితం. దరఖాస్తుతో పాటే అడ్వాన్స్ పెరోల్ కూడా కోరడం, పెళ్ళికి ముందే ఈ నిబంధనను రెండు కుటుంబాలకూ వివరించడం – ఈ రెండూ చేసి ఉంటే ఆ నింద చాలావరకు తప్పేది.

పెళ్ళయి రెండేళ్ళు నిండకముందే వచ్చే గ్రీన్ కార్డు షరతులతో కూడినది, గడువు రెండేళ్ళు. ఆ గడువుకు ముందు 90 రోజుల్లో ఐ-751 పత్రం మీద ఇద్దరూ సంతకాలు చేయాలి. ఆ సంతకాన్ని బెదిరింపుగా వాడేవారున్నారు. విడాకులైనా, హింస జరిగినా ఒంటరిగా దరఖాస్తు చేసుకునే దారి ఉందనీ, 1994 నాటి మహిళలపై హింస చట్టం కింద బాధితులు, పురుషులతో సహా, సొంతంగా అర్జీ పెట్టుకోవచ్చనీ వచ్చినవారికి ముందే తెలియాలి. పౌరుడు కూడా తన బాధ్యత తెలుసుకోవాలి. ఐ-864 పోషణ హామీ విడాకులతో తీరదు. ఎదుటివారు పౌరసత్వం పొందేదాకా లేదా 40 త్రైమాసికాల పని లెక్కకు వచ్చేదాకా సాధారణంగా అది కొనసాగుతుంది.

కాపురం మెదెయిన్‌లో పెడితే తక్కెడ అటు మొగ్గుతుంది. అద్దె ఇంటికి సాధారణంగా ‘ఫియదోర్’ కావాలి, అంటే హామీదారు. విదేశీయుడికి మామగారి సంతకమే గతి. ఇల్లు మామగారి హామీ మీద నిలిచాక, ఆయన ఆదివారం భోజనానికి రమ్మంటే కాదనడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. అమెరికన్‌కు ఊపిరాడనివ్వని ‘లాటిన్ అత్తారిల్లు’ అనిపించేది కొంతమేర ఈ అద్దె పద్ధతి ఫలితం.

ఆస్తి విషయంలో మరో జాగ్రత్త. 1990 నాటి 54వ చట్టం ప్రకారం కొలంబియాలో రెండేళ్ళు భార్యాభర్తల్లా కలిసి ఉంటే ఉమ్మడి ఆస్తి ఏర్పడినట్టు చట్టం భావిస్తుంది. ఫ్లోరిడా, న్యూయార్క్ లాంటి రాష్ట్రాల్లో కలిసి ఉన్నంత మాత్రాన ఆ హక్కు పుట్టదు. పెళ్ళికి ముందు ఆస్తి ఒప్పందం చేసుకోదలిస్తే కొలంబియాలో అది నోటరీ ఎదుట, పెళ్ళికి ముందే జరగాలి. అమెరికాలో జరిగిన పెళ్ళిని కొలంబియా కాన్సులేట్‌లో నమోదు చేయించాలి. లేకపోతే అక్కడి రికార్డుల్లో ఇంకా అవివాహితులే. పన్ను విషయానికొస్తే, 365 రోజుల వ్యవధిలో 183 రోజులకు మించి కొలంబియాలో ఉన్నవారు అక్కడ పన్ను నివాసులు. అమెరికా పౌరుడు ఎక్కడున్నా అమెరికాకు కూడా లెక్క చెప్పాలి.

ఈ వాదానికి బలమైన ఆధారం తెలుగువారి అనుభవంలోనే ఉంది. హెచ్-1బీ ఉద్యోగి వెంట హెచ్-4 వీసా మీద వెళ్ళిన ఇల్లాలికి 2015 దాకా అమెరికాలో పని హక్కు లేదు. ఆ తర్వాత కూడా కొందరికే దక్కింది. ఇద్దరిదీ ఒకే భాష, ఒకే పండుగలు, తరచు ఒకే కులం. ఐనా సంపాదన, పుట్టింటికి డబ్బు, కారు నడపడం, ఒంటరితనం మీద ఆ ఇళ్ళలోనూ ఇవే తగవులు. సంస్కృతి ఒకటే అయినా తగవు మారలేదంటే మూలం వేరేచోట ఉందనే అర్థం.

7. పిల్లలు

కొలంబియాలో బిడ్డకు తండ్రిదొకటి, తల్లిదొకటి, రెండు ఇంటిపేర్లు. 2021 నాటి 2129వ చట్టం వాటి వరుసను తల్లిదండ్రులు ఎంచుకోనిస్తుంది. అమెరికా జనన ధ్రువపత్రం రాయించేటప్పుడే రెండు దేశాల పాస్‌పోర్టుల్లో పేరు అక్షరం తేడా లేకుండా ఉండేలా చూసుకోవాలి.

ద్వంద్వ పౌరసత్వమున్న బిడ్డ కొలంబియాలోకి రావడానికీ పోవడానికీ కొలంబియా పాస్‌పోర్టు వాడాలి. తల్లి ఒక్కతే బిడ్డతో తిరిగి బయల్దేరితే, తండ్రి అనుమతి పత్రం నోటరీ లేదా కాన్సులేట్ ధ్రువీకరణతో చూపాలి. అది లేక క్రిస్మస్ సెలవుల చివరిరోజు బొగోటాలోని ఎల్ దొరాదో విమానాశ్రయంలో ఆగిపోతే విమానంతో పాటు దంపతుల మధ్య నమ్మకమూ పోతుంది. టికెట్టు కొన్నరోజే ఈ పత్రం సిద్ధం చేయాలి. పిల్లల అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో రెండు దేశాలూ ఉన్నాయని, కాపురం చెడ్డాక బిడ్డను ఏకపక్షంగా తీసుకుపోతే తిరిగి పంపించే ప్రక్రియ మొదలవుతుందని ఇద్దరూ ఎరిగి ఉండాలి.

8. ముగింపు

సంస్కృతి భేదాలు లేవని ఈ వ్యాసం అనడం లేదు. పలకరింపు, పండుగ, పుట్టింటి అనుబంధం నిజమైన తేడాలే. వాటిని అడిగి, విని, పంచుకుని దాటవచ్చు. ఒకరి నివాస హక్కు, సంపాదన, ఇంటి తాళం, మాట్లాడే గొంతు అన్నీ రెండోవారి చేతిలో ఉన్నప్పుడు మాత్రం చిన్న తేడా కూడా పెద్ద తగవవుతుంది. అందుకే ఇలాంటి దంపతులకు సలహా చెప్పేవారు ముందుగా నాలుగు ప్రశ్నలు అడగాలి: వీసా ఎవరి మీద ఉంది? అద్దె ఒప్పందం ఎవరి పేర ఉంది? బ్యాంకు ఖాతా ఎవరిది? డాక్టరుతో ఎవరు మాట్లాడతారు? నాలుగింటికీ ఒకే పేరు జవాబుగా వస్తే సంస్కృతి గురించిన చర్చ వాయిదా వేసి ఆ జాబితాను సరిదిద్దడం మొదలుపెట్టాలి. వలస వివాహాలపై పరిశోధన చేసే మన విశ్వవిద్యాలయాల విద్యార్థులు కూడా తెలుగు కుటుంబాలను ఇదే ప్రశ్నలతో పరిశీలించాలని కోరుతున్నాను.