చంద్రకేతుగఢ్ మృణ్మయ దేవత

కలకత్తా నగరానికి ఈశాన్యంగా సుమారు 35 కిలోమీటర్ల దూరాన, విద్యాధరీ నదీ పరిసరాలలో, బేడాచాంపా అనే గ్రామం ఉన్నది. దాని సమీపాన పొలాల నడుమ కనిపించే మట్టికోట శిథిలాలకు చంద్రకేతుగఢ్ అని పేరు. 1907లో ఈ స్థలాన్ని చూసిన పురావస్తు శాఖాధికారి లాంగ్‌హర్స్ట్‌కు ఇందులో విశేషమేమీ కనిపించలేదు. 1909లో వచ్చిన రాఖాలదాస్ బెనర్జీ మాత్రం దీని ప్రాచీనతను గుర్తించాడు. ఆ మాట రుజువు కావడానికి అర్ధశతాబ్ది పట్టింది. కలకత్తా విశ్వవిద్యాలయంలో 1937లో వెలసిన ఆశుతోష్ మ్యూజియం 1956 మొదలు దాదాపు ఒక పుష్కరకాలం ఇక్కడ త్రవ్వకాలు జరిపించింది.

ఈ నేల ప్రసిద్ధి అంతా మట్టిబొమ్మల వల్లనే. వీటిలో అధిక భాగం క్రీస్తు పూర్వం రెండవ శతాబ్దికీ, క్రీస్తు శకం రెండవ శతాబ్దికీ నడిమి కాలానివి. చిన్న ఫలకంపై నిలిచిన స్త్రీమూర్తి పదే పదే దర్శనమిస్తుంది. చెవులకు బరువైన కుండలాలు, నడుమున పేటల మొలనూలు, కొప్పులో ఆయుధాల ఆకారం గల సూదులు. ఆ సూదులు అయిదుగా కనిపించడం వల్ల కొందరు ఆమెను పంచచూడ అన్నారు. కొందరు యక్షి అన్నారు. లక్ష్మి అన్నవారూ ఉన్నారు. ఫలకంపై పేరు లేదు.

కాల్చిన అచ్చులో మెత్తని మట్టిని అదిమితే, ఆరి కుంచించుకొని అది దానంతట విడివడుతుంది. తరువాత ఆవంలో కాలుస్తారు. ఒక అచ్చు నుండి ఎన్నో ప్రతులు వస్తాయి. రాతి విగ్రహం చెక్కించలేని సామాన్యునికి కూడ దేవత ఈ విధంగా అందుబాటులోకి వచ్చింది. మన తెలుగునాట కొండాపురంలో లభించిన శాతవాహన కాలపు బొమ్మలలో ముందు భాగానికి ఒకటి, వెనుక భాగానికి ఒకటి, రెండేసి అచ్చులు వాడిన పనితనం కనిపిస్తుంది.

ఆ శతాబ్దాలలోనే, సముద్రాలకు ఆవల, దక్షిణ అమెరికాలోని పెరూ ఉత్తర తీరంలో మోచే జాతివారు కూడ జంట అచ్చులతో కూజాలు చేశారు. వారికి కుమ్మరి సారె తెలియదు, లిపి లేదు. స్పెయిన్ వారు అడుగిడేనాటికి వారి నాగరికత అంతరించి ఎన్నో శతాబ్దాలైనది. కొన్ని కూజాలపై ఒక క్రతువు చిత్రితమై ఉన్నది: బందీల రక్తం నింపిన పాత్రను ఒక ప్రభువుకు అర్పిస్తున్నారు. ఇది పురాణగాథయా, నిజంగా జరిగిన కర్మకాండయా అని పండితులు చాలకాలం సందేహించారు. 1987లో సిపాన్ అనే చోట దొంగలు సమాధులు తవ్వుతున్నారని తెలిసి, వాల్టర్ ఆల్వా అనే పురావస్తువేత్త అక్కడికి చేరుకొన్నాడు. దొంగల చేయి పడని ఒక సమాధి ఆయనకు దొరికింది. అందులోని ప్రభువు ధరించిన ఆభరణాలు చిత్రంలోని ప్రభువు ఆభరణాలతో సరిపోయాయి. కూజాపై చిత్రం ఆనాడు చరిత్ర అయినది.

చంద్రకేతుగఢ్ దేవతకు ఆ భాగ్యం కలుగలేదు. దొరికిన ఫలకాలలో శాస్త్రీయంగా త్రవ్వి తీసినవి కొద్ది. తక్కినవి పొలాలలోనో, చెరువులు తవ్వేటప్పుడో బయటపడి, చేతులు మారి, దేశాంతరాలకు పోయినవి. 2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం భారతదేశానికి తిరిగి ఇస్తామని ప్రకటించిన 15 శిల్పాలలో పశ్చిమ బెంగాలుకు చెందిన ఒక మృణ్మయ యక్షి ఉన్నది. దేశానికి తిరిగి రావచ్చును గాని, ఆమె ఏ ఇంటి మూలలో పూజలందుకొన్నదో, ఏ గుంటలో ఎవరు విడిచారో చెప్పే మట్టిపొర తిరిగి రాదు. చక్రాలు గల పొట్టేలు బండి బిడ్డల ఆటవస్తువా, వ్రతంలో అర్పించినదా అనేది కూడ ఆ పొర చెప్పవలసిన మాటయే.

అంగడిలో విలువ లేని కుండపెంకు ఇందుకు ప్రతిసాక్ష్యం. లోపలి అడుగున చుక్కల వలయాలు ఒత్తిన పళ్లేల పెంకులు చంద్రకేతుగఢ్‌లోను, మన సాలిహుండంలోను, అమరావతిలోను, తమిళతీరాన అరికమేడులోను లభించినవి. వాటిని ఎవరూ దొంగిలించలేదు. దొరికిన చోటు తెలిసినందువల్లనే అవి బెంగాలు నుండి దక్షిణాది వరకు సాగిన తీరవాణిజ్యానికి ఆధారాలైనవి. చంద్రకేతుగఢ్‌లో త్రవ్వవలసిన నేల ఇంకను చాల ఉన్నది. ఆ దేవత పేరు తెలియవలసి ఉంటే, అక్కడనే తెలియాలి.