ఏడు ఆపరేషన్ల కెప్టెన్: మష్రఫే మొర్తజా

2009 ఐపీఎల్ గుర్తుందా? మన డెక్కన్ ఛార్జర్స్‌కి చివరి ఓవర్లో 21 రన్స్ కావాలి, రోహిత్ శర్మ కొట్టేశాడు. మరి ఆ ఓవర్ వేసిన కోల్‌కతా బౌలర్ ఎవరు? బంగ్లాదేశ్ పేసర్ మష్రఫే మొర్తజా. ఐపీఎల్‌లో అతనికి అదొక్కటే మ్యాచ్.

రెండు నెలలకి వెస్టిండీస్‌లో టెస్ట్ కెప్టెన్‌గా మొదటి మ్యాచ్. ఏడో ఓవర్ పూర్తికాకుండానే మోకాలు పోయింది. మళ్లీ టెస్ట్ ఆడలేదు. 2011లో సొంతగడ్డ మీద జరిగిన వరల్డ్ కప్ కూడా మిస్సయ్యాడు. మోకాళ్లకి మొత్తం ఏడు ఆపరేషన్లు!

ఇంకెవరైనా అయితే ఆపేసేవాళ్లు. ఇతను 2014లో వన్డే కెప్టెన్‌గా తిరిగొచ్చాడు. 2015 వరల్డ్ కప్‌లో ఇంగ్లండ్‌ని ఓడించి టీమ్‌ని క్వార్టర్‌ఫైనల్‌కి తీసుకెళ్లాడు. అదే ఏడాది ఢాకా, చిట్టగాంగ్ గ్రౌండ్స్‌లో పాకిస్తాన్, ఇండియా, సౌతాఫ్రికా మీద వరసగా సిరీస్‌లు గెలిచాడు. కెప్టెన్‌గా 88 వన్డేల్లో 50 విజయాలు.

2018 డిసెంబర్లో అధికార అవామీ లీగ్ టికెట్ మీద సొంతూరు నరైల్ నుంచి ఎంపీ అయ్యాడు. ఎంపీగా ఉంటూనే 2019 వరల్డ్ కప్‌కి కెప్టెన్సీ చేశాడు. ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒక్కటే వికెట్.

2024 జులైలో స్టూడెంట్స్ రోడ్డెక్కారు, వందలమంది చనిపోయారు. వాళ్లంతా ఇతన్ని చూస్తూ పెరిగిన తరం. కానీ అన్న నోరు విప్పలేదు. ఆగస్టు 5న ప్రభుత్వం కూలిన రోజే నరైల్‌లో అతని ఇల్లు తగలబెట్టారు.

ఇల్లు కాల్చడం తప్పే. కానీ నాకర్థమైంది ఇదీ: విరిగిన మోకాలుతో బౌలింగ్ చేస్తే జనం నెత్తిన పెట్టుకున్నారు, మాట్లాడాల్సినప్పుడు మౌనంగా ఉంటే మాత్రం క్షమించలేదు.