ఎల్లాప్రగడ వారమ్మాయి పాట

పిల్లలు చెవుల్లో ఇయర్‌ఫోన్లు దూర్చుకుని తలలూపుతూంటే, "అదేం పాటరా, ఎవరో గబగబా మాట్లాడుతున్నట్టుంది!" అని విసుక్కోని తల్లి ఉండదేమో. నిజానికి మాట్లాడుతున్నట్టుండడమే ఆ పాట లక్షణం. దరువు మీద, లయ తప్పకుండా, ప్రాసలు కలుపుకుంటూ మాట్లాడడాన్నే ర్యాప్ అంటారు. దానికి తోడు యంత్రాల మీద పుట్టించే వాద్యాలూ, డ్యాన్సూ, గోడల మీది బొమ్మలూ అన్నీ కలిపి హిప్-హాప్ అన్నారు.

ఇందులో మనకు బొత్తిగా తెలియని విడ్డూరమేమీ లేదు. కడప జిల్లా ప్రొద్దుటూరులో అగస్త్యేశ్వరస్వామి గుడి ఉంది. ఆ గుడి చుట్టూ ప్రదక్షిణలు చేస్తూ పుట్టపర్తి నారాయణాచార్యులుగారు 'శివతాండవం' అల్లారని చెబుతారు. ఆచార్యులవారు (1914-1990) పద్నాలుగు భాషలు వచ్చిన పండితులు. అయినా ఆ కావ్యంలో అర్థం కంటే ముందు మృదంగం వినిపిస్తుంది. చిన్నతనంలో నాట్యం నేర్చుకున్నవారు కదా, మాట ఎక్కడ విరిగితే అడుగు ఎక్కడ పడుతుందో ఆయనకు తెలుసు. శివుడి తాండవంతో ఊరుకోక అమ్మవారి లాస్యం కూడా చేర్చారు. అది పుస్తకం చేతపట్టుకుని లోలోపల చదువుకునే కావ్యం కాదు, గొంతెత్తి చెప్పాలి. జమ్మలమడుగు, పులివెందుల వైపు పల్లెల్లో చెక్కభజన చూసినవాళ్ళకైతే ఇంత వివరం కూడా అక్కర్లేదు. గురువు చరణం అందిస్తాడు, గుంపు అందుకుంటుంది, చేతిలో చెక్కలు మోగుతాయి, అడుగు మారుతుంది. పాట ఎక్కడ ఆగిందో ఆట ఎక్కడ మొదలైందో చెప్పలేం.

ఇక అమెరికాలో ఈ విద్య ఎలా మొదలయిందో మన ఆడవాళ్ళం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1973 ఆగస్టు 11. న్యూయార్కులో బ్రాంక్స్ అనే పేదల పేట. సిండీ కాంప్‌బెల్ అనే అమ్మాయికి బడి తెరిచేలోగా కొత్త గుడ్డలు కొనుక్కోవాలని కోరిక, చేతిలో డబ్బు లేదు. తాముండే వాటాల మేడలో, కింద ఉన్న హాలు తీసుకుని పార్టీ పెట్టింది. టిక్కెట్టు ఆడపిల్లలకు పాతిక సెంట్లు, మగపిల్లలకు యాభై. (ఈ లెక్క నాకు చాలా నచ్చింది.) రికార్డులు వెయ్యడానికి అన్నను పిలిచింది. ఆ అన్నే 'కూల్ హెర్క్' అనే క్లైవ్ కాంప్‌బెల్. పాట మధ్యలో గాయకుడు ఆగి డ్రమ్ములు మాత్రమే మోగే చోట జనం రెచ్చిపోయి ఆడడం అతను గమనించాడు. మన కచేరీల్లో తనియావర్తనం లాంటి ఘట్టమన్నమాట. ఒకే రికార్డు రెండు కాపీలు రెండు యంత్రాల మీద పెట్టి, ఇది అవగానే అది, అది అవగానే ఇది, ఆ డ్రమ్ముల ముక్కనే సాగదీశాడు. దాని మీద మైకు పుచ్చుకుని మాటలు కలిపారు. హిప్-హాప్ పుట్టినరోజుగా ఇప్పుడు ప్రపంచం ఆ తేదీనే జరుపుకుంటోంది. చరిత్రలో పెద్దక్షరాలు అన్నవి, పార్టీ ఆలోచన చెల్లెలిది!

ఆరేళ్ళ తర్వాత దాన్ని రికార్డుగా ఇంటింటికీ చేర్చిందీ ఆడమనిషే. సిల్వియా రాబిన్సన్ అంతకు ముందు స్వయంగా సోల్ గాయని. సోల్ అంటే నల్లజాతివారు చర్చిలో దేవుణ్ణి పిలిచే గొంతును అలాగే తెచ్చి ప్రేమకూ దుఃఖానికీ వాడుకున్న పాట. అరీథా ఫ్రాంక్లిన్ పేరు వినే ఉంటారు, ఆవిడ తండ్రి మతబోధకుడే. సిల్వియా 1979లో భర్తతో కలిసి షుగర్ హిల్ రికార్డ్స్ స్థాపించి, ముగ్గురు కుర్రాళ్ళను పోగుచేసి, పద్నాలుగు నిమిషాలకు పైగా సాగే 'రాపర్స్ డిలైట్' విడుదల చేసింది. ర్యాప్ అంటే వీధి గోల అనుకున్నవాళ్ళు నోరు వెళ్ళబెట్టారు. అయితే ఆ పాటలో కొన్ని మాటలు మరో కుర్రాడివి, అతని పేరు ఎక్కడా వెయ్యలేదు. ఈ పేరు వెయ్యకపోవడమనే జబ్బు ఈ సంగీతానికి పుట్టుకతో వచ్చిందే.

మూడోది యంత్రం. జపానులో రోలండ్ కంపెనీ 1980లో '808' అనే డ్రమ్ముల పెట్టె చేసింది. అచ్చం డ్రమ్ములా మోగదని చాలామంది పెదవి విరిచారు. 1982లో న్యూయార్కులో ఆఫ్రికా బంబాటా దాన్ని వాడి 'ప్లానెట్ రాక్' చేస్తే లోకం ఊగిపోయింది. అదే 1982లో బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అనే సినిమా వాద్యకారుడు అదే పెట్టె ముందు కూర్చుని, పది హిందుస్తానీ రాగాలను డిస్కో దరువు మీద వాయించి రికార్డు తెచ్చాడు. కొన్నవాళ్ళు లేరు. 2010లో మళ్ళీ విడుదలయితే, ఇంత ముందు ఇలా ఎలా ఊహించాడని విదేశాలు ఆశ్చర్యపోయాయి.

హిప్-హాప్, సోల్, యంత్రం, మూడు పాయలూ ఎన్నోచోట్ల కలిశాయి కాని, లారిన్ హిల్ అనే అమ్మాయి గొంతులో కలిసినంత అందంగా తక్కువచోట్ల కలిశాయి. ఒక చరణం ర్యాప్ చెప్పి, మరుచరణం ప్రార్థనలా పాడగలదు. ఆమె ఉన్న ఫ్యూజీస్ బృందం 1996లో 'ది స్కోర్' తెచ్చింది. తర్వాత ఒంటరిగా తెచ్చిన ఆల్బమ్‌కు 1999లో అయిదు గ్రామీలు వచ్చాయి.

ఆ 'ది స్కోర్' కాలిఫోర్నియాలో క్లేర్‌మాంట్ అనే ఊళ్ళో ఒక తెలుగువారింట్లో అయిదో తరగతి పిల్ల చెవిన పడింది. పేరు శ్వేత, ఇంటిపేరు ఎల్లాప్రగడ. మందులు కనిపెట్టిన సుబ్బారావుగారు గుర్తుకొస్తారు కదూ? చుట్టరికాల సంగతి మనకెందుకు గాని, ఆ పిల్ల అప్పటికే కూచిపూడి, భరతనాట్యం, ఒడిస్సీ నేర్చుకుంటోంది. పెద్దయి 'రాజకుమారి' అని పేరు పెట్టుకుని ర్యాప్‌లోకి దిగింది. ముందు ఇతరులకు పాటలు రాసింది. ఆమె చెయ్యి పడిన 'సెంచరీస్' అనే పాట 2014లో అమెరికా అంతా మోగింది. 2017లో బొంబాయి కుర్రాడు డివైన్‌తో కలిసి 'సిటీ స్లమ్స్' చేసింది. బొట్టూ, దేవాలయపు నగలూ తియ్యకుండానే వేదిక ఎక్కుతుంది.

నగలు ఎవరైనా పెట్టుకుంటారు. అసలు సంగతి వేరే ఉంది. ఈనాటి కూచిపూడి కచేరీలో అమ్మాయి ఆడుతుంది. తాళాలు పుచ్చుకుని "తకధిమి తకఝణు" అని జతి చెప్పేది పక్కన కూర్చున్న గురువుగారు. శ్వేత ఆ నట్టువాంగాన్ని తన నోట్లోకి తెచ్చుకుంది. నాలుగు దెబ్బల అమెరికా దరువు మీద జతి చెబుతుంది, ఆ జతి నడకలోనే ఇంగ్లీషు మాటలూ దొర్లిస్తుంది. లారిన్ హిల్ నుంచి తెచ్చుకున్నది ధైర్యం, నడక మాత్రం గజ్జెలది.

ఇది కలగూరగంప కాదా అంటారు. అన్ని కలయికలూ ఒకటి కావు. 2002లో ట్రూత్ హర్ట్స్ అనే గాయని పాటలో లతా మంగేష్కర్ గొంతు వినిపించింది. 1981 నాటి 'జ్యోతి' సినిమా పాటలోంచి కోసుకున్న ముక్క అది. అడగలేదు, చెప్పలేదు. స్వరకర్త బప్పీ లహరి కోర్టుకెక్కితే, ఆయన పేరు వెయ్యనిదే రికార్డు అమ్మకూడదని 2003లో అమెరికా న్యాయస్థానం ఆపింది. అక్కడ మన సంగీతం ఇంగువ వాసన లాంటిది, చిటికెడు చల్లితే చాలుననుకున్నారు. శ్వేత పాటలో జతి తీసేస్తే పాటే కూలిపోతుంది. నా మటుకు నాకు ఆమె పాటలన్నీ నచ్చవు. కొన్నిట్లో హోరు ఎక్కువ. కాని కూచిపూడి క్లాసుకు ఫీజు కట్టి, పెళ్ళి సంబంధం రాగానే గజ్జెలు అటక మీద పెట్టించే ఇళ్ళు మనకు కొల్లలు. ఆ గజ్జెల లెక్కతోనే ఒకమ్మాయి పరాయిదేశంలో తన నోటితో తాను బతకవచ్చని, అటక ఎక్కించేవాళ్ళకు తోచదు.

2019లో ఎం.టి.వి. వారు మన దేశంలో ర్యాప్ పోటీ పెట్టారు. దేశం నలుమూలల నుంచీ వచ్చిన పిల్లలు తమ భాషలో తమ బాధలు లయకట్టి చెప్పారు. తీర్పు చెప్పడానికి కూర్చున్నవాళ్ళు ముగ్గురు. రఫ్తార్ ర్యాప్ గాయకుడు, న్యూక్లియా యంత్రసంగీతం చేసేవాడు. మూడో కుర్చీ ఎల్లాప్రగడ వారమ్మాయిది.